పైన్ చెక్కని తిట్టే ముందు స్థలం ఎవరిదో అడగండి

వెస్టిండీస్ దీవి బార్బడోస్‌లో ఉంటూ బిల్డింగ్ ఎస్టిమేట్లు వేసుకుని బతికే నాలాంటివాడికి రెండు వైపుల నుంచీ ఒకటే మాట వినపడుతూ ఉంటుంది. రాజమండ్రిలో మా బాబాయ్, జీవితమంతా టేకు అడితిలో కూర్చున్న మనిషి, నేను ఇక్కడి పైన్ చెక్క ఇంటి ఫోటో ఏదైనా వాట్సాప్‌లో పెడితే చాలు, "ఒరేయ్, అది మిషన్లు ప్యాకింగ్ చేసొచ్చే పెట్టెల చెక్కరా, దాంతో ఇల్లేంట్రా" అంటాడు. ఇక్కడివాళ్ళు అంత మొహం మీద అనరు గానీ మనసులో ఉన్నది అదే, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ముందు చేసే పని బోర్డ్ హౌస్ పీకేసి వాల్ హౌస్ కట్టడం, అంటే పలకల గోడ పోయి సిమెంటు దిమ్మల గోడ రావడం. తుఫాను వచ్చి వెళ్ళిన ప్రతిసారీ రేడియోకి ఫోన్ చేసి మాట్లాడేవాళ్ళది కూడా ఇదే పాట, ఇంత చిన్న దేశం, ఇల్లు కట్టుకునే చెక్క కూడా అమెరికా నుంచి తెచ్చుకోవాలా, అదీ గాలికి ఎగిరిపోయే చెక్క.

నాకు ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుద్ది. ఈ దీవిలో చెక్క ఇళ్ళు పడిపోయింది అవి పైన్ చెక్కవి కాబట్టి కాదు, ఆ చెక్క దిగుమతి సరుకు కాబట్టి అసలే కాదు. ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళకి కింద నేల సొంతం కాదు, అందుకని ఇల్లుని నేలకి బిగించుకునే హక్కు గానీ ధైర్యం గానీ లేదు, కథంతా అక్కడుంది. ఇక దిగుమతిలో అసలు ఇబ్బంది అంటారా, ఉంది, కాకపోతే అది రేడియోలో మాట్లాడేవాళ్ళు చెప్పేది కాదు.

ముందు ఈ దీవికి చెక్క ఎందుకు లేదో చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇది మొదట్నుంచీ మోడుగా ఉన్న దీవి అనుకుంటారు. కాదు. 1627లో ఇంగ్లీషువాళ్ళు ఇప్పటి హోల్‌టౌన్ దగ్గర దిగేటప్పటికి ఒడ్డు దాకా అడవే. మొత్తం కలిపి 430 చదరపు కిలోమీటర్ల దీవి, మన జిల్లాల్లో పెట్టి చూస్తే నాలుగైదు మండలాలంత. 1640లలో చెరకు మొదలైంది, ఇక పాతిక ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి నేలకోసం కొంత, పానకం కాచే పొయ్యిలకి కొంత, దాదాపు మొత్తం నరికేశారు. పాత అడవిలో ఇవాళ చెప్పుకోదగ్గది టర్నర్స్ హాల్ వుడ్స్ అని సెయింట్ ఆండ్రూ పారిష్ (ఇక్కడి జిల్లా లాంటిది) వైపు ఓ 50 ఎకరాలు, అంతే. ఆ నరికింది, కాచింది ఎవరయ్యా అంటే ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు, లాభం తిన్నది వేరేవాళ్ళు. కాబట్టి "ఈ జనం చెట్లు పెంచుకోకుండా బద్ధకించి దిగుమతి చేసుకుంటున్నారు" అని ఎవరైనా అంటే ఓసారి ఆగి ఆలోచించండి, మూడున్నర వందల ఏళ్ళ కింద వేరేవాళ్ళు తిన్న విందుకి బిల్లు వీళ్ళ చేతిలో పెడుతున్నట్టు.

అప్పట్నుంచీ చెక్క బయట్నుంచే. న్యూ ఇంగ్లాండ్ నుంచి ఓడల్లో పలకలు, కప్పు మీద వేసే చిన్న చెక్క పెంకులు, పీపాలకి కావాల్సిన బద్దలు, గుర్రాలు, ఎండు చేపలు వచ్చేవి, ఇక్కడినుంచి పంచదార, మొలాసిస్, రమ్ము వెళ్ళేవి. పీపా లేనిదే పంచదార ఎగుమతి లేదు, చెక్క లేనిదే పీపా లేదు, అంటే ఇక్కడ చెక్క దిగుమతి అనేది ఒక్క ఇళ్ళకోసమే కూడా కాదు, ఎగుమతి వ్యాపారానికి అది పెట్టుబడి సరుకు. అమెరికా స్వాతంత్ర్యం వచ్చాక 1783లో లండన్ వాళ్ళు అమెరికన్ ఓడలు మా వెస్టిండీస్ దీవులకి రాకూడదని తలుపులు మూశారు, కెనడా వైపు నుంచి చెక్క తెచ్చుకోమన్నారు, అక్కడ అంత చెక్క కోసి పంపే ఏర్పాటే లేదు అప్పటికి. దీవుల్లో గగ్గోలు. ఆ నిషేధాన్ని అక్షరాలా అమలు చేస్తానని పట్టుబట్టిన కుర్ర నేవీ కెప్టెన్ ఒకడున్నాడు, నెవిస్ దగ్గర 1785లో అమెరికన్ ఓడల్ని పట్టుకుంటే అక్కడి వ్యాపారస్తులు ఆయన మీద కోర్టుకెళ్ళారు, అరెస్టు చేస్తారేమోనని ఆయన ఓడ దిగకుండా కూర్చున్నాడు. పేరు హొరేషియో నెల్సన్. తర్వాత ట్రఫాల్గర్ యుద్ధంలో పెద్ద వీరుడయ్యాడు, 1813లో రాజధాని బ్రిడ్జ్‌టౌన్ నడిబొడ్డున ఆయనకే విగ్రహం పెట్టారు, 2020 నవంబరులో దాన్ని తీసేశారు, బానిసత్వాన్ని సమర్థించినవాడని. అందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు గానీ, దీవికి చెక్క రాకుండా అడ్డం పడ్డ మనిషిని రెండు వందల ఏళ్ళు నడివీధిలో నిలబెట్టుకోవడం ఏంటో అని మాత్రం నవ్వొస్తుంది.

సరే, పైన్ చెక్కే ఎందుకు? మా బాబాయ్‌కి ఇదే అర్థం కాదు. ఆయన లెక్కలో కలప అంటే టేకు, ఆ తర్వాత మద్ది, వేగిస, అవీ లేకపోతే వేప, అక్కడితో ఆగిపోద్ది. అడితిలో బేరం సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగుల లెక్కన జరుగుతుంది, దుంగ తిప్పి చూసి చేవ ఎంతుందో చెప్పడం గొప్ప. సాఫ్ట్‌వుడ్ అంటే సూదుల్లాంటి ఆకులుండే పైన్, ఫర్, స్ప్రూస్ లాంటి చెట్ల చెక్క, ఆ లెక్కలో వీటికి చోటే లేదు. మన దగ్గర తలుపు, గుమ్మం, మంచం చెక్కవి, ఇల్లు మాత్రం ఇటుకది, అందుకని మనం చెక్కని చూసేది అందం కోసం, మన్నిక కోసం. ఇక్కడ చెక్కే గోడ, చెక్కే స్తంభం, చెక్కే కప్పు. అలాంటప్పుడు కావాల్సింది తిన్నగా ఉండేది, బరువు తక్కువున్నది, మేకు దిగేది, ఒకే సైజులో కట్టలు కట్టలుగా దొరికేది, ఓడలో పేర్చితే చోటు వృథా కానిది. అన్నింటికీ జవాబు పైన్. టేకుతో ఆ ఇల్లు కడితే ఆ ఖరీదు మోసేవాళ్ళే ఉండరు.

ఇంకో సంగతి, ఇక్కడి పాత చెక్క ఇంటి కొలతలు చూస్తే చెక్క కొనే కొట్టే ఆ ఇంటికి ఆర్కిటెక్టు అని తెలిసిపోద్ది. పలకలు రెండేసి అడుగుల తేడాతో వస్తాయి, పది, పన్నెండు, పద్నాలుగు అలా ఇరవై దాకా. దాంతో ఇల్లు ఇరవై అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు, ఒక్క ముక్క వృథా పోదు. మధ్యలో తలుపు, అటోటి ఇటోటి కిటికీ, వాలు ఎక్కువున్న కప్పు, వానకి అడ్డంగా కిటికీ మీద చిన్న చూరు. కుటుంబం పెరిగితే వెనకాల అదే సైజులో ఇంకోటి అతికించుకుంటూ పోవడమే. చాటెల్ హౌస్, అంటే కదిలించుకుపోగల ఆస్తి లాంటి ఇల్లు, అంటారు వీటిని, ఇప్పుడు టూరిస్టులు ఫోటోలు తీసుకునేవి, పోస్టుకార్డుల మీద రంగురంగులుగా కనపడేవి ఇవే. ఆ రంగుల వెనకాల ఉన్నది చెప్తే ఫోటో తీసుకునేవాళ్ళకి మూడ్ పోద్ది.

1834లో బానిసత్వం రద్దు, నాలుగేళ్ళు అప్రెంటిస్ అనే పేరుతో మళ్ళీ అదే చాకిరీ, 1838లో నిజంగా స్వేచ్ఛ. స్వేచ్ఛ అయితే వచ్చింది గానీ నేల రాలేదు. పక్కనున్న పెద్ద దీవుల్లో, గయానాలో, ఖాళీ భూమి ఉంటే జనం తోటలొదిలి వెళ్ళిపోయి ఊళ్ళు కట్టుకున్నారు. బార్బడోస్‌లో ఖాళీ నేలే లేదు, అంతా చెరకు. కాబట్టి తోట యజమాని స్థలంలోనే ఓ మూల, రాళ్ళున్న చోటో ఏటవాలు చోటో, ఇల్లు వేసుకుని ఆ తోటలోనే పని చెయ్యాలి. 1840లో వచ్చిన మాస్టర్స్ అండ్ సర్వెంట్స్ చట్టం దీన్ని ఇంకా బిగించింది, యజమానితో తేడా వస్తే పని పోద్ది, పనితోపాటు స్థలమూ పోద్ది. ఆ చట్టం 1937 దాకా ఉంది, వందేళ్ళన్నమాట దాదాపు.

మరి ఆ పరిస్థితిలో మీరుంటే ఎలాంటి ఇల్లు కడతారు? మనకి కొత్తగా చెప్పక్కర్లేదు ఇది, పట్టా లేని జాగాలో మన ఊళ్ళలో ఎవడైనా పునాది తీసి స్లాబు వేస్తాడా, తాటాకో రేకో కప్పుకుంటాడు, ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవాలి కాబట్టి. ఇక్కడ అదే పని పైన్ పలకలతో చేశారు, ఎంత తెలివిగా చేశారో చూస్తే వడ్రంగం అంటే ఇష్టమున్నవాడికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. పునాది లేదు. పగడపు రాళ్ళని సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి, దాని మీద చెక్క చట్రం పెట్టడమే. ఒక చెక్కకి బెజ్జం కొట్టి ఇంకో చెక్క కొసని అందులో దిగ్గొట్టి చెక్క సీల పెట్టేవాళ్ళు, మేకులు తక్కువ, ఊడదీస్తే మళ్ళీ వాడుకోవచ్చని. ప్రతి గోడా విడిగా ఒక పలక చట్రం. యజమాని పొమ్మన్న రోజున చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి ఇల్లు విప్పి, గోడలు పడుకోబెట్టి బండికెక్కించి, ఇంకో చోట చీకటి పడేలోపు నిలబెట్టేసేవాళ్ళు.

ఇప్పుడు ఆ ఇల్లుని తుఫాను ముందు నిలబెట్టండి. చెక్క సంగతి తర్వాత, రాళ్ళ మీద ఊరికే కూర్చున్న పెట్టె అది, కింద నేలతో సంబంధం లేదు. గాలి కిందనుంచి దూరితే ఎత్తేస్తుంది, పక్కనుంచి కొడితే తోసేస్తుంది. అదే చెక్కని నేలలో దిగిన కాంక్రీటుకి బోల్టులతో బిగించి ఉంటే కథ వేరేగా ఉండేది, కానీ బోల్టు బిగిస్తే పొమ్మన్నప్పుడు ఇల్లు వదిలేసి పోవాలి. 1955 సెప్టెంబరు 22న జానెట్ తుఫాను వచ్చినప్పుడు 8,000కు పైగా ఇళ్ళు పోయాయి, ఎక్కువ భాగం ఇలాంటివే. అప్పట్నుంచే జనం మనసులో చెక్క అంటే పోయేది, గోడ అంటే నిలిచేది అని ముద్ర పడిపోయింది. ఒక తరానికి తరం కళ్ళారా చూసింది కాబట్టి వాళ్ళని తప్పు పట్టను. కానీ వాళ్ళు చూసింది చెక్క ఓడిపోవడం కాదు, కౌలు ఇల్లు ఓడిపోవడం.

మధ్యలో పనామా డబ్బు గురించి ఒక్క మాట. 1904 నుంచి 1914 దాకా కాలువ తవ్వకానికి ఇక్కడినుంచి కాంట్రాక్టు మీదే దాదాపు 20,000 మంది వెళ్ళారు, సొంత ఖర్చులతో వెళ్ళినవాళ్ళు వేరే. బతికొచ్చినవాళ్ళు, డబ్బు పంపినవాళ్ళు ఏం కొన్నారు? దొరికితే నేల ముక్క, ఆ తర్వాత చెక్క. గల్ఫ్ డబ్బుతో మన కోనసీమలో మేడలు లేచినట్టు అనబోయి ఆగుతున్నా, ఎందుకంటే కాలువ దగ్గర చనిపోయిన వాళ్ళ సంఖ్య గుర్తొస్తే ఆ పోలిక నోట్లోంచి రాదు.

నేల విషయం తేలింది 1980లో. అప్పటి ప్రధాని టామ్ ఆడమ్స్ ప్రభుత్వం తెచ్చిన టెనెన్ట్రీస్ ఫ్రీహోల్డ్ పర్చేజ్ చట్టం ప్రకారం తోట స్థలాల్లో ఐదేళ్ళకి పైగా ఉంటున్నవాళ్ళు ఆ స్థలాన్ని కొనుక్కోవచ్చు, చదరపు అడుగు 10 సెంట్లు. అవును, సెంట్లే, బార్బడోస్ సెంట్లు. ఆ ఒక్క చట్టం తర్వాత జరిగింది చూడండి, జనం వెంటనే గోడలు కట్టడం మొదలుపెట్టారు, ముందు వెనకవైపు వంటిల్లూ బాత్‌రూమూ దిమ్మలతో కట్టి, డబ్బు కుదిరినప్పుడు ముందుకు జరుగుతూ, ఇప్పటికీ ఏ పల్లెలోకి వెళ్ళినా సగం గోడ సగం పలక ఇళ్ళు బోలెడు. అంటే నేల సొంతం కాగానే ఇల్లు కదలకుండా కట్టుకోవడం మొదలైంది. కదలకుండా ఉండటం అనేది కావాల్సింది, దానికి వాళ్ళు ఎంచుకున్న వస్తువు కాంక్రీటు. చెక్కతోనూ అది సాధ్యమే అని చెప్పేవాళ్ళు అప్పుడు లేరు, ఇప్పుడూ పెద్దగా లేరు.

"కాంక్రీటు అయితే మన సొంతం కదా" అంటారు. సగం ఒప్పుకుంటా. సెయింట్ లూసీలో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, కంకరకి పగడపు రాయి దీవి నిండా ఉంది. కానీ ఇనుప ఊచ ఎక్కడినుంచి వస్తుంది? కప్పు కాంక్రీటు వేసేవాళ్ళు ఎంతమంది? గోడ దిమ్మలదే గానీ మీద కప్పు మాత్రం చెక్క వాసాలు, రేకు, ఆ చెక్క అదే దిగుమతి పైన్. వాల్ హౌస్ కట్టుకున్నానని గర్వంగా చెప్పుకునే మనిషి తల మీద కూడా అమెరికాలో జార్జియా నుంచో ఫ్లోరిడా నుంచో వచ్చిన టూ బై సిక్స్, అంటే పేరుకి రెండంగుళాల మందం ఆరంగుళాల వెడల్పు చెక్క, ఉంటుంది. తుఫానులో ముందు లేచేది కప్పే. కాబట్టి చెక్క గురించి పట్టించుకోవడం మానేసి గోడ కట్టుకుంటే సరిపోదు, ప్రమాదం అక్కడే ఉంది, నువ్వు చూడ్డం మానేశావంతే.

ఇప్పుడు నాకు నిజంగా కోపం వచ్చే చోటుకి వద్దాం. చెక్కే మారిపోయింది.

పాత ఇల్లు విప్పే చోటుకి నేను పనిగట్టుకుని వెళ్తుంటా. ఈమధ్య సెయింట్ ఫిలిప్ వైపు ఒక పాత చాటెల్ ఇల్లు విప్పుతుంటే, అక్కడి ముసలి వడ్రంగి ఆయన దూలం ముక్క ఒకటి కోసి చేతిలో పెట్టాడు. ముదురు తేనె రంగు, కోసిన చోట ఇంకా టర్పెంటైన్ వాసన. కొసన వలయాలు లెక్కపెడదామంటే అంగుళంలో పాతికకి తక్కువుండవు, గోరు పెట్టి వేరు చెయ్యలేనంత దగ్గరగా ఉన్నాయి. ముందు బెజ్జం వెయ్యకపోతే మేకు వంగిపోద్ది తప్ప దిగదు. ఇక్కడివాళ్ళు పిచ్ పైన్ అంటారు, అమెరికా దక్షిణాది అడవుల్లో వందల ఏళ్ళు నెమ్మదిగా పెరిగిన లాంగ్‌లీఫ్ పైన్. మా బాబాయ్‌కి చూపిస్తే ఆయన కూడా చేవ ఉందిరా అని ఒప్పుకునే చెక్క. అదే రోజు లంబర్ యార్డులో కొత్త టూ బై ఫోర్ కొస చూడండి, పాలిపోయిన పసుపు, వలయానికీ వలయానికీ మధ్య చిన్న వేలు పట్టేంత సందు, ఒక మూల చెట్టు నడిబొడ్డు కూడా కనపడుతుంది, అంటే అంత చిన్న మాను నుంచి కోసిందన్నమాట. ఆ పాత అడవులు 1920లు, 30ల నాటికే దాదాపు అయిపోయాయి, ఇప్పుడొచ్చేది పాతిక ముప్ఫై ఏళ్ళకి నరికే తోట చెక్క.

ఇది నా ముసలి చాదస్తం అనుకునేవాళ్ళకి ఒక లెక్క. సదరన్ పైన్, అంటే ఈ అమెరికా దక్షిణాది పైన్, బలం అంకెల్ని అమెరికాలో వాళ్ళే 2013 జూన్ 1 నుంచి తగ్గించారు. నంబర్ 2 గ్రేడు టూ బై ఫోర్‌కి వంపు బలం చదరపు అంగుళానికి 1,500 పౌండ్లని లెక్క కట్టేవాళ్ళు, అది 1,100 అయింది. నాలుగో వంతుకి పైగా కోత. అక్కడ ఇంజినీర్లు టేబుల్స్ మార్చుకున్నారు, వాసాల మధ్య దూరం తగ్గించుకున్నారు. ఇక్కడ పల్లెలో ఇల్లు కట్టే మేస్త్రీకి ఆ కబురు ఎవరు మోసుకొచ్చారు? నాన్న వేసినట్టే కొడుకు వేస్తాడు, అంతే దూరంలో అవే వాసాలు, పేరు అదే, సైజు అదే, చెక్క మాత్రం వేరేది. పైగా టూ బై ఫోర్ అంటే కొలిస్తే ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే, పాత ఇళ్ళలో నిజంగా రెండంగుళాలు ఉండేది. ఈ రెండూ కలిపి చూస్తే కొత్త ఇంటి కప్పు తాతల నాటి కప్పులో సగం కూడా లేదని ఎస్టిమేటు వేసేవాడికి తెలుస్తుంది, ఉండేవాడికి తెలీదు.

చెద మందు సంగతి ఇంకో గోల. పచ్చగా కనపడేదంతా ట్రీటెడ్ అనుకుంటారు. బోర్డు కొసన చిన్న ప్లాస్టిక్ ట్యాగ్ స్టేపుల్ చేసి ఉంటుంది, నేలకి తగలకుండా పైన వాడాల్సినదా, నేల తగిలినా పర్లేదా అనేది అందులో రాసి ఉంటుంది, రెండింట్లో మందు మోతాదు వేరు, ధర వేరు. రెండూ పచ్చగానే ఉంటాయి. ట్యాగ్ ఊడిపోతే ఇక చెప్పేవాడు ఉండడు, పైన వాడాల్సినదాన్ని నేలమీద పెడితే నాలుగు వానాకాలాలకి చెద పుట్ట. అప్పుడు "చూశావా, ఇంపోర్టెడ్ చెక్క ఇంతే" అంటారు. ఆర్సెనిక్ కలిపిన పాత మందుని అమెరికాలో 2003 ఆఖరుకి ఇళ్ళ వాడకం నుంచి తీసేశారు, అది మంచిదే, కానీ ఇక్కడ పాత పలకలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి, విప్పిన చెక్కని పొయ్యిలో పెట్టకండని ఎవరికైనా చెప్పగలిగితే చెప్పండి.

ఇక దిగుమతి వల్ల నిజంగా జరిగే నష్టం, రేటు. 2020 మొదట్లో అమెరికా ఫ్యూచర్స్ (ముందస్తు బేరాల) మార్కెట్లో వెయ్యి బోర్డ్ ఫీట్ల (అడుగు పొడుగు, అడుగు వెడల్పు, అంగుళం మందం అయితే ఒక బోర్డ్ ఫీట్) చెక్క 400 డాలర్ల చుట్టుపక్కల ఉండేది. 2021 మే నాటికి 1,600 దాటింది. కరోనాలో ఇంట్లో కూర్చున్న అమెరికా వాళ్ళంతా డెక్కులు కట్టుకున్నారు, మిల్లులేమో ముందే షిఫ్టులు తగ్గించేసి ఉన్నాయి. ఆ డెక్కులతో మాకేం సంబంధం? ఏమీ లేదు, కానీ దెబ్బ మాకే. దానికి తోడు కంటైనర్ కిరాయి పెరిగింది, ఇక్కడ సుంకం వేసేది సరుకు ధర ఒక్కదాని మీదే కాదు, కిరాయీ ఇన్సూరెన్సూ కలిపి, దాని మీద మళ్ళీ 17.5 శాతం వ్యాట్. రేటు పెరిగితే పన్నూ పెరుగుద్ది, ఎవరూ ఏమీ చెయ్యకపోయినా. వేసవి దాటేసరికి అక్కడ రేటు పడిపోయింది, ఇక్కడ యార్డుల్లో ఉన్నదేమో ఖరీదైనప్పుడు కొన్న సరుకు, పాపం వాళ్ళు మాత్రం నష్టానికి ఎందుకు అమ్ముతారు.

సరిగ్గా ఆ ఏడాదే, 2021 జులై 2న, ఎల్సా వచ్చింది. జానెట్ తర్వాత అరవై ఏళ్ళకి పైగా గడిచాక దీవిని తాకిన మొదటి హరికేన్. వెయ్యికి పైగా ఇళ్ళు దెబ్బతిన్నాయి, ఎక్కువ కప్పులే. అంటే చెక్క అవసరం అత్యవసరమైన రోజు, చెక్క అంత ఖరీదున్న రోజు ఒకటే అయ్యాయి. మా ఆఫీసుకి ఫోన్లు చేసి కప్పు రిపేరుకి ఎంతవుద్ది అని అడిగినవాళ్ళకి నేను చెప్పిన అంకె విని కొంతమంది ఇంకో మాట మాట్లాడకుండా ఫోన్ పెట్టేశారు. చెక్క దిగుమతి మీద ఏడవాల్సింది ఇక్కడ. మూడు లక్షల మంది కూడా లేని దేశం, కొనేది అమెరికా మిల్లు అమ్మకాల్లో పిసరంత, బేరమాడే సత్తా లేదు, గ్రేడు ఇది కావాలని గట్టిగా అడిగే సత్తా లేదు. అమెరికా కెనడా ఈ చెక్క మీదే 1982 నుంచి కొట్టుకుంటున్నాయి, 2025లో కెనడా చెక్క మీద పాత సుంకాలే 35 శాతం దాకా వెళ్ళాయి, అక్టోబరులో దాని మీద ఇంకో 10 శాతం. ఆ పోట్లాట వల్ల సదరన్ పైన్‌కి గిరాకీ ఎటు తిరిగినా, ఆ మార్పు మా దాకా వచ్చి ఇంటి ధరలో కూర్చుంటుంది, మమ్మల్ని అడిగేవాడు ఎవడూ లేడు.

దీనికి మందు "మన చెట్లు మనం పెంచుకుందాం" కాదు. 430 చదరపు కిలోమీటర్లలో ఊళ్ళు, చెరకు, హోటళ్ళు పోగా మిగిలిన లోయల్లో మహాగని, సరుగుడు ఉన్నాయి, ఫర్నిచర్‌కి, నీడకి బాగుంటాయి, దాంతో దేశానికి కప్పులు వెయ్యలేం. ఎల్సా తర్వాత చైనా నుంచి స్టీలు ఫ్రేము ఇళ్ళు తెప్పించారు, అదీ దిగుమతే కదా మహానుభావా, పైగా ఒక ముక్క పోతే ఇక్కడ ఏ వడ్రంగీ రిపేరు చెయ్యలేడు.

మందు ఏంటంటే, కొనే పద్ధతి. ఈ తూర్పు దీవులన్నీ, బార్బడోస్, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, గ్రెనడా, ఒకే చెక్కని ఒకే రేవుల నుంచి విడివిడిగా కొంటాయి, తుఫాను సీజను జూన్‌లో మొదలవుద్దని అందరికీ తెలుసు, అయినా తుఫాను పోయాక ఆర్డర్లు పెడతాయి. కలిసి కొని, రేటు తక్కువున్నప్పుడు కొంత నిల్వ పెట్టుకోవడం రాకెట్ సైన్సేమీ కాదు. 2024 జులై 1న బెరిల్ తుఫాను గ్రెనడా వాళ్ళ కారియకూ దీవిని ఊడ్చిపెట్టేసింది, బ్రిడ్జ్‌టౌన్‌లో చేపల పడవల్ని ముక్కలు చేసింది, అప్పుడు కూడా కప్పులకి చెక్క ఎవరికి వాళ్ళే వెతుక్కున్నారు.

రెండోది బిగింపు. ఒక్కో వాసం గోడ మీద పట్టీని కలిసే చోట జింకు పూసిన రేకు స్ట్రాప్, దానికి ఎన్ని బెజ్జాలుంటే అన్నింటికీ సరైన మేకు. ఇంటి చెక్క ఖర్చులో ఇది లెక్కలోకి రానంత. అయినా నేను ఎక్కి చూసిన కప్పుల్లో స్ట్రాప్ ఉండి పది బెజ్జాల్లో రెండే మేకులు కొట్టినవి ఎన్నో, పైనుంచి చూస్తే ఇన్‌స్పెక్షన్ పాస్, గాలికి మాత్రం ఫెయిలు. ఇప్పుడు స్థలం సొంతమే కదా, ఇల్లుని విప్పుకుని పోవాల్సిన పని లేదు కదా, మరి కింద కాంక్రీటుకి బోల్టు, పైన స్ట్రాప్ నిండా మేకులు వెయ్యడానికి అడ్డం ఏంటి? అలవాటు తప్ప ఇంకేం కనపడదు నాకు. ఇక్కడ మెడిసిన్ చదవడానికొచ్చి అద్దెకుండే మన తెలుగు పిల్లలకి కూడా చెప్తుంటా, ఇల్లు చూసేటప్పుడు ఏసీ ఉందా వైఫై ఉందా అని కాదు, అటక తలుపు తీయించి ఆ స్ట్రాపులు చూడండి అని. నవ్వుతారు.

చివరికి మిగిలేది గయానా. పక్కనే ఉంది, అడవి బోలెడుంది, గ్రీన్‌హార్ట్ లాంటి చెక్క నీళ్ళలో వేస్తే మునిగేంత గట్టిది, చెద ముట్టదు, ఓడరేవుల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. ప్రాంతీయంగా కొంటే డబ్బు మన దగ్గరే తిరుగుతుందనే మాట వినడానికి బాగుంటుంది, అక్కడినుంచి చెక్క ఇళ్ళు తెప్పించే ప్రయత్నాలు కూడా జరిగాయి. నేను వద్దనను, రేవుకి, వంతెనకి, కింద స్తంభాలకి అదే వాడాలి. కానీ కప్పుకి ఆ బరువు ఎత్తాలంటే కింద చట్రం మొత్తం మారాలి, మేకుకి బెజ్జం వెయ్యాలి, సైజుల్లో తేడాలుంటే ఇక్కడి మేస్త్రీ రోజంతా చిత్రిక పడుతూ కూర్చోవాలి, కూలి ఖర్చు చెక్క ఖర్చుని దాటిపోద్ది. అదంతా తేలడానికి ఇంకా ఏళ్ళు పడుద్ది. ఈలోపు వస్తున్నదేమో పైనే, కాబట్టి అమ్మే ప్రతి బోర్డు మీద గ్రేడు ముద్రా కొసన ట్రీట్‌మెంట్ ట్యాగూ కొనేవాడికి చూపించి తీరాలని ఒక నియమం పెట్టి, 2013 నాటి అంకెల ప్రకారం వాసాల దూరం ఎంతుండాలో ఒక కాగితం మీద బొమ్మ గీసి ప్రతి యార్డు కౌంటర్ దగ్గర అంటించండి. బిల్డింగ్ కోడ్ 1993లోనే రాసుకున్న దేశం ఇది, ఒక కాగితం అంటించడానికి డబ్బు లేదంటే నేను నమ్మను.